ఫైర్ స్టిక్‌లో వీడియో స్ట్రక్ అవుతుంటే నెట్ ప్లాన్ పెంచాలా, స్టిక్ మార్చాలా?

నమస్తే అండి. మిగతావాళ్లకూ ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీ ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 90 పైనే చూపిస్తోంది. టీవీకి పెట్టింది 2018లో వచ్చిన అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీ స్టిక్ 4కే. రాత్రిపూట సినిమా పెడితే మధ్యమధ్యలో రౌండ్ తిరుగుతూ ఆగిపోతోంది. ఆగకుండా నడిచేటప్పుడు కూడా కెమెరా పక్కకు తిరిగే సీన్లలో, క్రికెట్‌లో బంతి బౌండరీకి పరిగెత్తేటప్పుడు బొమ్మ జర్కులు కొడుతోంది. నెట్ వాళ్లు 300 ప్లాన్‌కి మారమంటున్నారు, షాపులో కొత్త స్టిక్ కొనమంటున్నారు. ఏది చెయ్యాలి అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. మీకున్నది ఒక్క సమస్య కాదు, రెండు. రౌండ్ తిరిగి ఆగడం ఒకటి, రౌండ్ లేకుండా జర్కులు రావడం ఇంకొకటి. మొదటిది చాలావరకు రూటర్‌కీ స్టిక్‌కీ మధ్య ఉన్న వైఫై వల్ల వస్తుంది. రెండోది నెట్‌కి సంబంధించిందే కాదు, చాలావరకు డిస్‌ప్లే సెట్టింగ్‌ది. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు. ఇళ్లకు నెట్, టీవీ సెటప్‌లు చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ తేడా తెలియక ప్లాన్ మీద ప్లాన్ పెంచుకుంటూ పోయిన కుటుంబాలను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. ఓటీటీ యాప్ సినిమాని కొన్ని సెకన్ల ముక్కలుగా తెచ్చుకుంటూ, చూస్తున్న చోటు కంటే ముందున్న భాగాన్ని ఎప్పుడూ కొంత నిల్వ పెట్టుకుంటుంది. నెట్ నెమ్మదిస్తే మొదట క్వాలిటీ తగ్గిస్తుంది, అంటే బొమ్మ మసకబారుతుంది. అప్పటికీ చాలకపోతే నిల్వ అయిపోయి రౌండ్ తిరుగుతుంది. కాబట్టి బొమ్మ మసకబారకుండా, రౌండ్ రాకుండా, క్లియర్‌గా ఉంటూనే జర్కులు కొడుతుంటే నెట్‌ని అనుమానించాల్సిన పని లేదు. లైవ్ మ్యాచ్‌లో మాత్రం నిల్వ తక్కువ ఉంటుంది కాబట్టి నెట్ కాస్త తడబడినా వెంటనే తెలిసిపోతుంది. అందుకే నెట్‌ని పరీక్షించేటప్పుడు సినిమా లాంటి ముందే ఎక్కించి ఉన్న వీడియో మీదే చెయ్యండి, లైవ్ మీద వద్దు.

ఇంకో సంగతి. నెట్‌ఫ్లిక్స్ 4కే కోసం అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. మీ దగ్గర 100 ఉంది. ఆ 15 టీవీ దాకా చేరకపోతే లైన్‌లో 300 ఉన్నా చేరదు.

ముందు యూట్యూబ్‌తో ఒక పరీక్ష చెయ్యండి. స్టిక్‌లో యూట్యూబ్ తెరిచి ఏదైనా మంచి హెచ్‌డీ వీడియో పెట్టండి. ప్లేయర్‌లోని సెట్టింగ్స్‌లో 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అని ఉంటుంది, ఆన్ చెయ్యండి. తెర మీద చిన్న అక్షరాల పట్టిక వస్తుంది. అందులో రెండు వరుసలు చాలు. 'బఫర్ హెల్త్' అంటే ఎన్ని సెకన్ల వీడియో ముందుగా నిల్వ ఉందన్నది. వీడియో అంటే వరసగా వచ్చే బొమ్మలు, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. 'ఫ్రేమ్స్' దగ్గర ఎన్ని ఫ్రేములు డ్రాప్ అయ్యాయో, అంటే చూపించకుండా వదిలేసిందో ఉంటుంది.

బఫర్ హెల్త్ తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గరికి వస్తే తప్పు నెట్ వైపు. బఫర్ నిండుగా ఉండి డ్రాప్ అయిన ఫ్రేముల సంఖ్య ఆగకుండా పెరుగుతుంటే తప్పు స్టిక్‌ది, కుదించి వచ్చిన వీడియోను అది విప్పి చూపించలేకపోతోంది. రెండూ బాగానే ఉండి, అయినా కంటికి జర్కు కనిపిస్తుంటే అది ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క) తేడా, దాని సంగతి కింద చెబుతాను. ఇదే పరీక్షను రాత్రి స్ట్రక్ అయ్యే టైములో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెయ్యండి. ఎవరింటికి వెళ్లినా నేను మొదట చేసే పని ఇదే. వీడియో మొదలైనప్పుడు ఒకటి రెండు ఫ్రేములు డ్రాప్ కావడం మామూలే, దానికి కంగారుపడకండి.

ఇక మీ మొదటి సమస్య, రౌండ్ తిరగడం.

ఫోన్‌లో 90 వచ్చిందంటే అది ఫోన్ ఉన్న చోట వచ్చిన స్పీడ్. టీవీ వెనక ఎంత వస్తోందో అది చెప్పదు. స్టిక్‌లోనే సిల్క్ బ్రౌజర్ వేసుకుని ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లదే, వాళ్ల సర్వర్ల నుంచి ఎంత స్పీడ్ వస్తోందో చూపిస్తుంది. అలాగే స్టిక్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్లి, కనెక్ట్ అయి ఉన్న పేరు మీద ప్లే/పాజ్ బటన్ నొక్కితే సిగ్నల్ ఎలా ఉందో చెబుతుంది.

స్టిక్ ఎక్కడ ఉందో ఒకసారి చూడండి. గోడకు బిగించిన టీవీ వెనక, హెచ్‌డీఎంఐ సాకెట్‌లో నేరుగా గుచ్చి ఉంటుంది. ముందు టీవీ ప్యానెల్, వెనక మెటల్ స్టాండు, దాని వెనక గోడ. యాంటెన్నా ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది. డబ్బాలో చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ వైరు వస్తుంది. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. వైఫై అందడానికి అది వాడమని కంపెనీయే చెబుతుంది. ఆ వైరు పెట్టి స్టిక్‌ని టీవీ అంచు బయటికి వేలాడేలా చెయ్యండి. నేను చూసిన ఒక ఇంట్లో రూటర్ బెడ్‌రూమ్‌లో బీరువా పైన, టీవీ సరిగ్గా ఆ గోడకు ఇవతల హాల్లో ఉన్నాయి. దూరం పది అడుగులు కూడా లేదు, అయినా రోజూ బఫరింగే. ఇనప బీరువా, టీవీ మెటల్ రెండూ సిగ్నల్‌కి అడ్డం. రూటర్‌ని బీరువా మీద నుంచి దించి పక్క గోడకు కొట్టి, స్టిక్‌కి ఎక్స్‌టెండర్ పెట్టాం. అంతే, పైసా ఖర్చు కాలేదు.

తర్వాత చూడాల్సింది స్టిక్ ఏ బ్యాండ్ మీద ఉందన్నది. మన రూటర్లు వైఫైని మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్ల మీద ఇస్తాయి, ఒక్కో బ్యాండ్‌లో కొన్ని చానళ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి కొట్టుకోకుండా వాడుకోగలిగే చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఉన్న ఫ్లాట్ల రూటర్లన్నీ ఆ మూడింటి మీదే తోసుకుంటాయి. బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. రాత్రి ఎనిమిది దాటి అందరూ ఇళ్లకు చేరి ఫోన్లు, టీవీలు పట్టుకునే టైములోనే మీకూ సమస్య వస్తోందంటే నా మొదటి అనుమానం దీని మీదే. మీ స్టిక్ 5 గిగాహెర్ట్జ్ పట్టుకోగలదు. రూటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, స్టిక్‌ని 5కి మాత్రమే కలపండి, 2.4 పేరును 'ఫర్‌గెట్' చెయ్యండి.

వేర్వేరు పేర్లు ఎందుకంటే, మన దగ్గర కరెంటు పోయి రావడం మామూలు కదా. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని చానళ్లను వాతావరణ రాడార్ల లాంటివి కూడా వాడతాయి. అందుకని రూటర్ ఆ చానళ్ల మీద సిగ్నల్ మొదలుపెట్టే ముందు కనీసం ఒక నిమిషం రాడార్ ఉందేమో వినాలి, అది నిబంధన. ఈలోగా 2.4 వచ్చేస్తుంది. రెండింటికీ ఒకే పేరు ఉంటే, కరెంటు రాగానే లేచిన స్టిక్ దొరికిన 2.4ని పట్టుకుని చాలాసార్లు దాన్నే అంటిపెట్టుకుంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఈరోజు ఏమైందో" అని వచ్చే ఫోన్లలో కొన్నింటికి కారణం ఇదే. రూటర్‌లో 36 నుంచి 48 దాకా ఉన్న చానళ్లలో ఒకటి పెట్టుకుంటే ఈ వెయిటింగ్ ఉండదు.

అయితే 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం. మధ్యలో రెండు మూడు గోడలు, పిల్లర్ ఉంటే సరిగ్గా అందదు. అప్పుడు లాన్ కేబుల్ లాగించడమే సరైన దారి. ఫైర్ స్టిక్‌కి ఈథర్‌నెట్ అడాప్టర్ దొరుకుతుంది. దాని హద్దు 100 ఎంబీపీఎస్, ఓటీటీకి అది ఎక్కువే. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇది చదువుతుంటే, ఎలక్ట్రీషియన్ గోడల్లో పైపులు వేసేటప్పుడే నెట్ వచ్చే చోటు నుంచి టీవీ పాయింట్ దాకా విడిగా ఒక పైపు వేయించి క్యాట్ 6 అనే రకం లాన్ కేబుల్ లాగించండి. కరెంటు వైర్ల పైపులోనే వెయ్యనివ్వకండి. ప్లాస్టరింగ్ అయ్యాక ఈ పని చేయించడం ఎంత కష్టమో చేయించుకున్నవాళ్లకే తెలుసు.

రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంచే డబ్బా) కొనేవాళ్లు దాన్ని తీసుకెళ్లి టీవీ పక్కనే పెడతారు. అక్కడికి వచ్చేదే చచ్చిన సిగ్నల్, దాన్నే అది మళ్లీ పంచుతుంది. రూటర్‌కీ టీవీకీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. పైగా చవక రిపీటర్లు అందుకోవడం, పంపడం ఒకే రేడియోతో చేస్తాయి కాబట్టి స్పీడ్ దాదాపు సగం అవుతుంది.

ఇవన్నీ చేశాక కూడా రాత్రి రౌండ్ తిరుగుతుంటే, అప్పుడు లైన్‌ని అనుమానించండి. అదే టైములో ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రూటర్‌కి పెట్టి స్పీడ్ చూడండి. కేబుల్ మీద కూడా పడిపోతుంటే తప్పు నెట్ వాళ్లది. ఆ టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసి కంప్లయింట్ పెట్టండి. కేబుల్ మీద 90 వస్తూ టీవీలో రాకపోతే, వాళ్లతో గొడవపడి లాభం లేదు.

ఇంట్లో నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్ సంగతి కూడా చూడండి. ఒకరి ఇంట్లో సాయంత్రం కాగానే అందరి ఫోన్లూ వైఫైలోకి వచ్చి ఆ రోజు ఫోటోలు, వీడియోలు బ్యాకప్‌కి ఎక్కించడం మొదలుపెట్టేవి. దానికి తోడు గేటు దగ్గర, మేడ మీద ఉన్న సీసీ కెమెరాలు రోజంతా క్లౌడ్‌కి పంపుతూనే ఉండేవి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా తడబడుతుంది, ఎందుకంటే వీడియో ముక్క కావాలని అడిగే చిన్న రిక్వెస్ట్ కూడా ఆ క్యూలోనే నిలబడాలి. బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చి, కెమెరాల క్వాలిటీ ఒక మెట్టు తగ్గించాక టీవీ దారిలో పడింది.

డీఎన్ఎస్ (సైట్ పేరు చూసి ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సర్వీసు) మార్చమని యూట్యూబ్‌లో చాలామంది చెబుతుంటారు. దానివల్ల స్పీడ్ పెరగదు. పైగా మీకు దగ్గరలో, మీ నెట్ కంపెనీ లోపలే ఉన్న సర్వర్ బదులు దూరంగా ఉన్న సర్వర్‌కి పంపే అవకాశం కూడా ఉంది. మార్చి ఉంటే ఒకసారి ఆటోమేటిక్‌కి తిప్పి చూడండి. వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉంటే తీసేసి చూడండి.

ఇప్పుడు రెండో సమస్య, జర్కులు. నాకు మరీ ఇష్టమైన విషయం ఇది, ఎందుకంటే ఇది సరయ్యాక టీవీ చూసే అనుభవమే మారిపోతుంది.

సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన దేశంలో టీవీ ప్రసారాలు 25, 50 లెక్క మీద నడుస్తాయి. స్టిక్ మాత్రం మామూలుగా టీవీకి సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతుంది. 60లో 24 రెండున్నర సార్లు పోతుంది. అర ఫ్రేము చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, దాని తర్వాతిదాన్ని మూడుసార్లు చూపిస్తుంది. అంటే ఒకటి తెర మీద 33 మిల్లీసెకన్లు, ఇంకొకటి 50 మిల్లీసెకన్లు నిలుస్తుంది. మనుషులు కూర్చుని మాట్లాడుకునే సీన్లో ఇది తెలియదు. కెమెరా ఊరి మీదుగా నెమ్మదిగా పక్కకు తిరుగుతుంటే మాత్రం నడక కుంటుపడినట్టు కనిపిస్తుంది. 50 ఫ్రేముల క్రికెట్‌ని 60 మీద చూపిస్తే ప్రతి సెకనుకూ పది ఫ్రేములు రెండుసార్లు పడతాయి. బంతి వెంట కెమెరా పరిగెత్తేటప్పుడు మీకు కనిపించే జర్కు అదే.

ఇంట్లోనే నిర్ధారించుకోవచ్చు. ఏదైనా తెలుగు న్యూస్ చానల్ లైవ్ పెట్టి, కింద కుడి నుంచి ఎడమకు పోయే స్క్రోలింగ్‌లో ఒక్క అక్షరాన్ని కళ్లతో వెంబడించండి. సాఫీగా జారకుండా, ఆగి ఎగిరినట్టు, మళ్లీ ఆగి ఎగిరినట్టు, అదీ ఒకే తాళంలో కనిపిస్తే ఫ్రేమ్ రేట్ తేడానే. నెట్ వల్ల వచ్చే ఆటంకానికి అలాంటి తాళం ఉండదు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది.

చెయ్యాల్సింది: సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్, అందులో డిస్‌ప్లే, అక్కడ 'మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్' ఆన్ చెయ్యండి. ఇక సినిమా మొదలయ్యేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది. టీవీ కొత్త లెక్కకు మారుతోందన్నమాట, టెన్షన్ పడకండి. కానీ అన్ని యాప్‌లూ ఈ సెట్టింగ్‌ని పట్టించుకోవు. పట్టించుకోని యాప్‌లో మ్యాచ్ చూసే రోజున, అదే మెనూలోని వీడియో రిజల్యూషన్‌లో 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు) ఉన్నది ఎంచుకోండి. మ్యాచ్ అయ్యాక ఆటోకి తిప్పేయండి. ఆపిల్ టీవీలో ఇదే పని 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' చేస్తుంది. కోడీ అనే ప్లేయర్ యాప్‌లో ప్లేయర్ సెట్టింగ్స్ కింద 'అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్' ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. అక్కడి టీవీలు, బాక్సులు మామూలుగా 60 లెక్క మీదే నడుస్తాయి. మన సీరియళ్లు, మన చానళ్ల లైవ్ 25, 50 లెక్కవి. అక్కడ నెట్ ఎంత బాగున్నా "తెలుగు చానళ్లే ఇలా వస్తాయి" అనుకుని సర్దుకుపోతుంటారు. వాళ్లు కూడా తమ బాక్సులో 50 హెర్ట్జ్ పెట్టి, టీవీ ఒప్పుకుంటుందేమో చూడాలి. ఈ మధ్య మోడళ్లు చాలావరకు ఒప్పుకుంటాయి.

టీవీలో ఇంకో దొంగ ఉంటాడు. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. పేరు ఏదైనా పని ఒకటే, మధ్యలో లేని ఫ్రేములను టీవీ తనే ఊహించి పుట్టిస్తుంది. ముందే ఎగుడుదిగుడుగా వచ్చిన 60 మీద ఇది పనిచేస్తే బొమ్మ కాసేపు నూనె రాసినట్టు జారుతుంది, ఉన్నట్టుండి తడబడుతుంది. ముందు దాన్ని పూర్తిగా ఆఫ్ చేసి, ఫ్రేమ్ రేట్ సరిచేసుకుని, ఆ తర్వాత కావాలంటే తక్కువ స్థాయిలో పెట్టుకోండి. ఓఎల్ఈడీ టీవీల్లో 24 ఫ్రేముల సినిమా సరైన లెక్కలో వచ్చినా కొంత తటపటాయింపు కనిపిస్తుంది. ఆ ప్యానెల్ మరీ వేగంగా మారడం వల్ల అలా ఉంటుంది, అది లోపం కాదు.

యూట్యూబ్ పరీక్షలో ఫ్రేములు డ్రాప్ అవుతూ ఉంటే స్టిక్‌ని చూడాలి. టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు తీసుకుంటున్నారా? యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది అర యాంపియర్ మాత్రమే, స్టిక్‌కి అది చాలదు. డబ్బాలో వచ్చిన అడాప్టర్‌నే గోడ సాకెట్‌లో పెట్టండి. పట్టుకుని చూడండి, వెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. మన వేసవిలో, ఏసీ లేని హాల్లో, టీవీ వెనక గాలి ఆడని చోట ఇది నిజంగా జరుగుతుంది. ఎక్స్‌టెండర్ వైరు ఇక్కడ కూడా పనికొస్తుంది. మీ మోడల్‌లో మెమరీ 8 జీబీ, ర్యామ్ ఒకటిన్నర జీబీ. వాడని యాప్‌లు తీసేసి, వాడే యాప్‌ల క్యాష్ క్లియర్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. స్టోరేజీ నిండిన స్టిక్ మెనూలోనే తడుముకుంటుంది, వీడియో దాకా పోనక్కర్లేదు.

పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్ పెట్టుకునే ఆండ్రాయిడ్ బాక్సులవాళ్లకు ఒక మాట. యూఎస్‌బీ 3 డిస్క్, దాని వైరు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో గోల చేస్తాయి. డిస్క్ పెట్టినప్పుడే వైఫై పడిపోతుంటే డిస్క్‌ని బాక్సుకు దూరంగా జరిపి, 5 బ్యాండ్‌కి మారండి. ప్లెక్స్, జెల్లీఫిన్ (ఇంట్లోని సొంత సర్వర్ నుంచి సినిమాలు చూపించే యాప్‌లు) వాడేవాళ్లు జర్కు వస్తే ముందు సబ్‌టైటిల్స్ ఆఫ్ చేసి చూడండి. బ్లూరే నుంచి తీసిన సబ్‌టైటిల్స్ బొమ్మల రూపంలో ఉంటాయి, వాటిని వీడియో మీద అద్దడానికి సర్వర్ మొత్తం సినిమాని మళ్లీ తయారుచెయ్యాల్సి వస్తుంది.

హెచ్‌డీఎంఐ వైరు పాడైతే తెర మీద మెరుపు చుక్కలు వస్తాయి లేదా బొమ్మ నల్లబడి తిరిగి వస్తుంది. మీరు చెప్పిన లక్షణం అది కాదు, దాని మీద ఖర్చు పెట్టకండి.

స్టిక్ ఎప్పుడు మార్చాలంటే: సరైన అడాప్టర్, ఖాళీ స్టోరేజీ, చల్లటి చోటు మూడూ ఉండి, బఫర్ నిండుగా ఉండి, ఫ్రేములు ఇంకా డ్రాప్ అవుతుంటేనే. మీ మోడల్‌లో ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌ను విప్పే హార్డ్‌వేర్ లేదు, ఆ ఫార్మాట్ వాడకం పెరుగుతోంది. కొంటే ఏవీ1, 2 జీబీ ర్యామ్, ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ మూడూ ఉన్నది చూసి కొనండి.

ఈ రాత్రి స్ట్రక్ అయ్యే టైములో ఆ స్టాట్స్ పట్టికను ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రూటర్ ఎక్కడుందో, మధ్యలో ఎన్ని గోడలున్నాయో కూడా రాయండి. చూసి చెబుతాను.